వణకని చెయ్యి

నస్పూర్,
ఆగస్టు 9.

ఫోనెత్తని తమ్ముడు శాంతిరాజ్‌కు,

అక్క హన్నా వందనాలు. ఇవి నీకు ముట్టుతాయో లేదో తెలియదు కాబట్టి ఎక్కువ పెట్టడం లేదు.

నేను నీకు చేసిన ద్రోహం చిన్నదేం కాదు. నీ కుడిచెయ్యి వణుకుతోందని నీ భార్య యేసమ్మకు చెప్పాను. ఏం చేయను? జీవితమంతా కంపెనీ దవాఖానలో నర్సుగా పనిచేసిన కళ్లు ఇవి. ఈస్టర్ విందులో నువ్వు సాంబారు వడ్డిస్తుంటే సగం విస్తట్లోకి, సగం పాస్టరుగారి తెల్లచొక్కా మీదికి పోయింది. పాస్టరుగారు క్షమించారు, అది ఆయన ఉద్యోగం. నువ్వే నన్ను క్షమించలేదు. అప్పటినుంచి నా నంబరు కనబడితే చాలు, నీ ఫోను మూగదైపోతోంది. సరే, ఉత్తరాన్ని కట్ చేయడం కుదరదు కదా అని రాస్తున్నాను.

నిన్ను సిక్ లీవులో పెట్టారని, మెడికల్ బోర్డు చూసేదాకా హాలర్ దగ్గరికి రావద్దన్నారని యేసమ్మ చెప్పింది. మంచి పని చేశారు. నువ్వు నడిపే ఆ యంత్రం తాడు కొసకు ఉండేది బొగ్గు టబ్బులు కాదు, షిఫ్టుకు గనిలోకి దిగే మనుషుల బండి. బోర్డు నిన్ను అన్‌ఫిట్ అని రాస్తే నీకు బదులు నీ బిడ్డ సంధ్యారాణికి కంపెనీలో ఉద్యోగం వస్తుంది. ఫిట్ అని రాస్తే నువ్వు మళ్లీ బ్రేకు పట్టుకుంటావు, నా మేనకోడలు డిగ్రీ పట్టా పట్టుకుని ఇంట్లో కూర్చుంటుంది. ఈ రెండింట్లో ఏది కావాలో తేల్చుకోవడానికి నీకింత ఆలోచన ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

ఇంట్లో కూర్చుని ఫ్యాను తిరిగే తీరుకు కూడా వంకలు పెడుతున్నావట. వేళ్లకు పని చెప్పమని డాక్టరంటే, పేకముక్కలు కలపడం పని కాదా అన్నావట. అందుకని మా పక్కింటి ఎల్లన్న డ్యూటీకి మీ వైపు వస్తుంటే అతనితో ఒక డబ్బా పంపిస్తున్నాను. అటక దులుపుతుంటే దొరికింది. నువ్వు బడిలో ఉన్నప్పుడు నా మొదటి జీతంతో హైదరాబాదులో కొన్న ప్లాస్టిక్ విమానం, ముక్కలు అంటించి చేసుకునేది. నువ్వు ఒక రెక్క తలకిందులుగా అంటించి, "తయారుచేసినోళ్లకే తెల్వదక్కా" అని తీర్పు చెప్పి లేచిపోయావు. తీర్పులు చెప్పే అలవాటు అప్పటినుంచే ఉంది.

దాన్ని సరిచేసి రంగు వేయి. నీ చెయ్యి వణకదు కదా, భయమెందుకు?

నీ అక్క,
హన్నా


గోదావరిఖని,
సెప్టెంబరు 3.

ఊరందరి చేతులూ పరీక్షించే అక్కగారికి,

డబ్బా అందింది. ఎల్లన్న బస్సులో దానిమీదే కూర్చుని వచ్చినట్టున్నాడు. రిటైరైన నర్సుకు ఊళ్లో ఇంకే రోగీ దొరకడం లేదని తెలిసి జాలి పడ్డాను.

నా చెయ్యి వణకడం లేదు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ చేస్తే మా క్వార్టర్ వణుకుతుంది. లోపల నేనుంటాను కాబట్టి నేనూ వణుకుతాను. నిన్న గోడమీది ప్రభువు పటం కూడా కదిలింది. ఆయన్నీ బోర్డుకు పంపిస్తావా?

నన్ను అన్‌ఫిట్ చేయాలని నువ్వూ యేసమ్మా ఎంత ముచ్చట పడుతున్నారు! ప్రపంచంలో ఎక్కడైనా ఆ మాటకు పనికిరానివాడని అర్థం. మా గల్లీలో మాత్రం పెళ్లి కుదిరినంత సంబరం. మొన్న లింగమూర్తికి ఊపిరితిత్తులు పాడయ్యాయని బోర్డు రాసిస్తే ఇంటిముందు షామియానా వేశారు, శాలువా కప్పారు. "కంగ్రాట్స్ అన్నా, అన్‌ఫిట్ అయినవట గద" అని అందరూ కౌగిలించుకుంటుంటే, ఆయన దగ్గుకుంటూనే "అంత మీ దయ" అని లడ్డూలు పంచాడు. ఆయన కొడుక్కి ఉద్యోగం వచ్చింది, సంతోషమే. కానీ నాకు ఆ శాలువా వద్దు. నేను బ్రేకు పట్టిన ఇన్నేళ్లలో ఆ బండిలో కూర్చున్నవాడు ఒక్కడంటే ఒక్కడు ఉలిక్కిపడలేదు. చాలామంది నిద్రపోయేవాళ్లు. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏ డాక్టరిస్తాడు?

ఇక నీ విమానం సంగతి. తెల్లగా ఉండాల్సింది చాయ్ రంగుకు తిరిగింది. నేను చిన్నప్పుడు పూసిన రంగు పెచ్చులు కట్టింది. అది వదలడానికి ముక్కల్ని మోటార్‌సైకిల్ బ్రేక్ ఆయిల్లో నానబెట్టాను. ఊరగాయ జాడీ ఒక్కటే సరిపోయే సైజులో ఉంది. ఈ విషయంలో యేసమ్మ అభిప్రాయం ఉత్తరంలో రాయదగ్గది కాదు. తలకిందుల రెక్క మాత్రం ఊడి రాలేదు. అప్పుడు ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అరలో పెట్టాను, చలికి పాత జిగురు పెళుసై రెక్క టక్కున వచ్చేసింది. కోడిమాంసం కోసం అర తెరిచిన యేసమ్మ రెక్కను చూసి, "గిదేం పిట్టదయ్యా, ఇంత పెద్ద రెక్క?" అని అడిగింది.

కాలక్షేపానికే చేస్తున్నాను. నువ్వు చెప్పావని కాదు.

నీ తమ్ముడు,
శాంతిరాజ్


నస్పూర్,
అక్టోబరు 20.

పిట్టల డాక్టరు శాంతిరాజ్‌కు,

కాలక్షేపానికే అన్నావు. పెద్దపల్లి అంగడిలో సన్నకుంచెల కోసం నాలుగు దుకాణాలు తిరిగావని ఎల్లన్న చెప్పాడు. కాలం బాగానే క్షేపమవుతోంది.

నీకో చిట్కా చెప్తాను, నర్సు చెప్పిందని తోసేయకు. కుంచె పట్టుకున్నప్పుడు మోచెయ్యి బల్లమీద ఆనించు, మణికట్టు కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టు. ఊపిరి వదిలేసి గీత గీయి. ఇది వణికే చేతులవాళ్లకు చెప్పే పద్ధతి. నీకు అవసరం లేదనుకో, ఊరికే రాశాను.

బోర్డు పిలుపు జనవరిలో వస్తుందని విన్నాను. తమ్ముడూ, ఒక్క మాట నేరుగా అడుగుతున్నాను. డాక్టర్లు చెయ్యి చాపమంటే చాపుతావా, లేక మోచెయ్యి పక్కటెముకలకు బిగించి మగతనం చూపిస్తావా? సంధ్య నాకు ఫోన్ చేసింది. "అత్తా, బాపు అన్నం ముద్ద నోటికాడికి తెచ్చుకునేటప్పుడు మేం అటు మొకం తిప్పుకుంటున్నం" అంది. ఆ పిల్ల ఉద్యోగం కోసం అనలేదు ఆ మాట. ఉద్యోగం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అందుకే ఆమె తరఫున నేను మాట్లాడుతున్నాను.

హన్నా


గోదావరిఖని,
డిసెంబరు 27.

నస్పూర్ వాస్తవ్యురాలు, సలహాల గని హన్నా అక్కకు,

నువ్వు పంపిన క్రిస్మస్ కేకు అందింది. గట్టిదనం బాగుంది, విమానం ఆరేటప్పుడు కింద ఆనుగా పెట్టుకున్నాను.

ఇప్పుడు కూర్చుని చదువు. రెక్కల సందుల్లో కార్ల సొట్టలు పూడ్చే లప్పం పెట్టి, వాటర్ పేపర్‌తో రుద్ది రుద్ది, అతుకు ఎక్కడుందో నాకే తెలియనట్టు చేశాను. ముక్కులో బరువు లేకపోతే ఈ విమానం తోకమీద కూర్చుంటుంది. అందుకని గోదారిలో చేపలు పట్టేవాళ్ల దగ్గర వలకు కట్టే సీసపు గుండ్లు తెచ్చి ముక్కులో పోశాను. తర్వాత తెల్లరంగు కొట్టాను. గోదావరిఖనిలో తెల్లరంగు! ఆరుబయట పెడితే సాయంత్రానికి ఉప్మామీద మిరియాల పొడి చల్లినట్టయింది. మళ్లీ గీకాను, మళ్లీ కొట్టాను, మళ్లీ బొగ్గుదుమ్ము పడింది. చివరికి దోమతెర కట్టి, దాన్ని నీళ్లతో తడిపి, లోపల నేనూ విమానమూ కూర్చుని రంగు కొట్టాను. బయట జనం నిలబడి నన్ను జూలో జంతువును చూసినట్టు చూశారు. కానీ అక్కా, ఆ తెలుపు చూస్తే కళ్లు చెదురుతాయి. ఈ ఊళ్లో ఇంత తెల్లటి వస్తువు ఇంకొకటి లేదు, పాస్టరుగారి చొక్కాతో సహా.

పాత స్టిక్కర్లు నీళ్లలో వేస్తే నానిన అప్పడాల్లా విడిపోయాయి. మన దేశపు పాత జంబో విమానానికి ప్రతి కిటికీ చుట్టూ కోట కిటికీలాగా ఎర్రటి ఆర్చి ఉండేది, గుర్తుందా? అవన్నీ చేత్తోనే, సన్నకుంచెతో, భూతద్దం కింద ఎంతో చక్కగా వేయబడ్డాయి.

అసలు వార్త ఇప్పుడు. కంపెనీ ఉత్సవాల్లో కార్మికుల కళల ప్రదర్శన పెట్టారు. మన విమానానికి మొదటి బహుమతి! స్టీలు హాట్‌బాక్సు ఇచ్చారు. పత్రికవాడొకడు వచ్చి, "కాకా, గీ కిటికీలు సుత నువ్వే ఏసినవా?" అని అడిగితే నేను నవ్వాను. వాడు ఆ నవ్వును ఏమని రాసుకున్నాడో కానీ మర్నాడు జిల్లా పేజీలో నా ఫోటో పడింది. పైన పెద్ద అక్షరాలతో "వణకని చేయి" అని పెట్టారు. ఒకటి కత్తిరించి పంపిస్తున్నాను. ఫ్రేము కట్టించుకో. నర్సుగా నీ నిర్ధారణలు ఎంత గొప్పవో నలుగురికీ తెలియాలి.

ప్రథమ బహుమతి గ్రహీత,
శాంతిరాజ్


నస్పూర్,
జనవరి 4.

ప్రథమ బహుమతి గ్రహీతకు,

పత్రిక ముక్క అందింది. మెడికల్ బోర్డు ముందుకు వెళ్లేవాళ్లు ఎక్స్‌రేలు, రిపోర్టులు పట్టుకుపోతారు. చెయ్యి వణకదని పేపర్లో అచ్చేయించుకుని పోయే మొదటివాడివి నువ్వే. మన వంశానికి ఇంతటి తెలివి ఎక్కడినుంచి వచ్చిందో తెలియడం లేదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రుద్దాను, పోశాను, గీకాను, కొట్టాను అని వరుసగా రాసుకొచ్చావు. కిటికీల దగ్గరికి వచ్చేసరికి "వేయబడ్డాయి" అయింది. ఎవరి చేత వేయబడ్డాయి? నువ్వు పుట్టినప్పటినుంచి నీ నోట ఈ "బడటం" వినలేదు నేను. బడిలో దెబ్బలు తిన్నప్పుడు కూడా "సారు కొట్టిండు" అని ఏడ్చావే గానీ "కొట్టబడితిని" అనలేదు. ఫోటోలో నీ వెనక నిలబడ్డ సంధ్యను చూశాను. ఆ పిల్ల గోళ్ల సందుల్లో ఎర్రరంగు ఉంది. నీ చేతులేమో ముత్యాల్లా ఉన్నాయి.

తిట్టను. ఆ పిల్ల నీకోసం వేసింది, నువ్వు ఊరుకున్నావు, ఇంట్లో అంతవరకు ముద్దుగానే ఉంది. కానీ బోర్డులో ఎవరి బల్లమీదనైనా ఈ పేపరు ఉంటే ఒకే ఒక్క వాక్యం చెప్పు: కిటికీలు నా బిడ్డ వేసింది, నా చేత కాలేదు. హాట్‌బాక్సు పోతే పోనీ, నాది ఇస్తాను. కొత్తదే, మూత కూడా ఉంది.

హన్నా


గోదావరిఖని,
జనవరి 22.

అక్కకు,

శుభవార్త. నేను ఫిట్.

బోర్డు రోజున నా చెయ్యి కూడా నాతో కుట్రలో కలిసి బుద్ధిగా కూర్చుంది. డాక్టరు పరీక్షలన్నీ సక్రమంగానే చేశాడు, ఆయన్ని అనడానికి ఏమీ లేదు. చివర్లో ఫైలు తిప్పుతూ, "పేపర్లో విమానం చేసింది మీరేనా?" అని నవ్వాడు. "నేనే సార్" అన్నాను. "కిటికీలు కూడానా? అంత సన్నటి పని!" అన్నాడు. నీ వాక్యం నాలుక చివరదాకా వచ్చిందక్కా. ఆయన కళ్లలో ఆ మెచ్చుకోలు చూశాక వెనక్కి పోయింది. "అన్ని నేనే ఏసిన" అన్నాను. ఇన్నేళ్లు బ్రేకు పట్టినవాణ్ని ఎవరూ అలా చూడలేదు.

బయట బెంచీమీద సంధ్య కూర్చుంది. తలుపు తెరిచే ఉంది. అన్నీ విన్నది. నేను బయటికొస్తే, "బాపూ, పొద్దటి నుంచి ఏం తినలే, దా" అని మాత్రం అంది.

గల్లీ అంతా పరామర్శకు వచ్చింది. "అయ్యో, ఫిట్ అన్నరా? గట్లెట్ల అంటరు? నువ్వు ధైర్యం చెడకు" అని ఒకరి తర్వాత ఒకరు చేతులు పట్టుకున్నారు. ఒకామె యేసమ్మను పట్టుకుని ఏడ్చింది కూడా. చనిపోయినవాడు తన ఇంట్లోనే కూర్చుని వచ్చినవాళ్లకు చాయ్ ఇచ్చాడు.

సంధ్య నన్నేమీ అనదు. తిడితే బాగుండును. రోజూ పొద్దున్నే లేచి మెత్తటి గుడ్డతో ఆ విమానం మీద దుమ్ము తుడుస్తుంది. నాకు అది చూడబుద్ధి కాదు.

సోమవారం మొదటి షిఫ్టు నుంచి డ్యూటీ.

శాంతిరాజ్


నస్పూర్,
జనవరి 25.

శాంతిరాజ్‌కు,

ఎల్లన్నను బతిమాలి ఈ రాత్రికే ఇది నీకు చేరేలా పంపిస్తున్నాను. ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. ఫిట్ అయినవాడివి, ఫోనెత్తే బలం రావడానికి ఇంకెన్నాళ్లు?

సోమవారం ఆ బండిలో కూర్చునేవాళ్లు పేపరు చదివి ఎక్కరు. శాంతిరాజ్ ఉన్నాడని ఎక్కుతారు. చాలామంది నిద్రపోతారని నువ్వే రాశావు.

ఇంక నాకు ఎగతాళి రావడం లేదు. భయమేస్తోంది.

హన్నా


గోదావరిఖని,
మార్చి 2.

అక్కకు,

ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం పౌరుషం కాదు. జరగాల్సింది జరిగాక రాద్దామని ఆగాను.

ఆ సోమవారం హాలర్ గదిలోకి పోయాను. మనుషుల్ని ఎక్కించేముందు ఖాళీ బండిని ఒకసారి దించి చూడటం మా పద్ధతి. దించాను. కింది నుంచి గంట ఒక్కటి మోగింది. ఒక్కటి మోగితే ఆపాలి. నిద్రలో కూడా ఆపగలను. నా చెయ్యి బ్రేకుమీదే ఉంది, అక్కా, కానీ అది నా మాట వినలేదు. గబగబా కొట్టుకుంది తప్ప బిగించలేదు. రెండో చెయ్యి వేసి ఆపేసరికి బండి ఆగాల్సిన చోటు దాటిపోయింది. దాంట్లో ఎవరూ లేరు. పైన వరసలో నిలబడ్డవాళ్లు టిఫిన్ డబ్బాలు పట్టుకుని మాట్లాడుకుంటున్నారు. ఒకడు నన్ను చూసి చెయ్యెత్తి పలకరించాడు.

నేను యంత్రం ఆపేసి బయటికొచ్చాను. షిఫ్టు చూసే ఓవర్‌మన్ రాయమల్లు, "ఏందన్నా, ఏమైంది?" అంటే, "నాతోని కాదు తమ్మీ. ఇంకో మనిషిని పిలువుండ్రి, జల్ది" అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి నాకు ఇంత వయసు పట్టింది.

వాళ్లు నన్ను మళ్లీ బోర్డుకు రాశారు. ఈసారి నేను విమానం పట్టుకుపోయాను. ఒక కిటికీ చుట్టూ ఆర్చి గీకేసి, కుంచె, ఎర్రరంగు కూడా తీసుకుపోయాను. డాక్టర్లు ఏమీ అడగకముందే బల్లమీద పెట్టి, "ఇది ఏస్త సార్, చూడుండ్రి" అన్నాను. నువ్వు చెప్పినట్టే మోచెయ్యి ఆనించాను, తువ్వాలు పెట్టాను, ఊపిరి వదిలేశాను. గీత కిటికీ దాటింది, పక్క కిటికీ దాటింది, ఆ తెలుపంతా గెలుక్కుంటూ తోకదాకా పోయింది. "మిగిలినయన్ని నా బిడ్డ ఏసింది సార్. పోయినసారి అబద్ధం చెప్పిన" అన్నాను. ఆ డాక్టరే లేచి వచ్చి నా చేతిలోంచి కుంచె తీసుకున్నాడు. తీసుకుని కాసేపు నా చెయ్యి వదలలేదు.

నిన్న కాగితం వచ్చింది. నేను అన్‌ఫిట్. సంధ్య దరఖాస్తు కూడా తీసుకున్నారు, వేసవిలో ఉద్యోగం ఖాయమంటున్నారు. హాట్‌బాక్సు తిరిగివ్వబోతే వాళ్లు తీసుకోలేదు, దానిమీద సంధ్య పేరు చెక్కించాను. "వణికే చేయి" అని మళ్లీ రాయమని పత్రికవాడిని అడిగాను, జాగా లేదన్నాడు.

పొద్దటినుంచి ఇల్లు కిటకిటలాడుతోంది. "కంగ్రాట్స్ కాకా, మొత్తానికి సాధించినవు" అని ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. రేపు షామియానా వేస్తారట, శాలువా కూడా అట. యేసమ్మ లడ్డూలకు చెప్పొచ్చింది. సంధ్య ఒక్కతే గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నేనూ అందరితో నవ్వుతున్నాను. చాలా సంతోషంగా ఉన్నానని అందరూ అంటున్నారు.

శాంతిరాజ్


నస్పూర్,
మార్చి 3.

శాంతీ,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. ఊరంతా కంగ్రాట్స్ చెప్పింది కదా, నేను చెప్పను. సంధ్యకు చెప్తాను, ఆమెకు చెప్పాల్సిందే. నీకు కాదు.

నీ చెయ్యి పోయిందిరా తమ్ముడూ. అంత మంచి చెయ్యి. నేను అందరికంటే ముందు చూశాను, చూసి నవ్వులాటగా చెప్పాను. అలా కాకుండా ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

ఇది ఎల్లన్న చేతికిచ్చి ముందు పంపిస్తున్నాను, మధ్యాహ్నం బస్సుకు నేనూ వస్తున్నాను. ఆ శాలువాలు, లడ్డూలు అన్నీ అయ్యాక జనాన్ని పంపించేసి తలుపు దగ్గరికి వేసి ఉంచు. మనిద్దరం కాసేపు కూర్చుని ఏడుద్దాం.

అక్క